ముహూర్తానికి ముందు కత్తెర

పెళ్లికి మూడు నెలలుందనగా కల్యాణ మండపానికి అడ్వాన్సు కట్టేస్తారు, వంటవాళ్లు కుదురుతారు, పట్టుచీరలకు బ్లౌజులు కుట్టడానికి ఇచ్చేస్తారు. అప్పుడు పెళ్లికూతురు జడ విప్పి, కొసలు ముందుకు తెచ్చుకుని చూసుకుంటుంది. భుజాల దాకా నల్లగా, నిండుగా ఉన్న జుట్టు నడుము దగ్గరికి వచ్చేసరికి ఎర్రబారి, పలచబడి, ఒక్కో వెంట్రుక చివర రెండుగా, మూడుగా చీలి ఉంటుంది. కాలేజీ చివరి ఏడాదిలో చేయించిన స్ట్రెయిటెనింగ్, తొలి జీతంతో వేయించుకున్న హైలైట్లు, హాస్టల్లో బోరు నీళ్లు, ఆఫీసుకు ఆలస్యమవుతోందని తడి ఆరకుండానే చేసిన ఇస్త్రీ... అన్నీ ఆ చివరి జానెడులో బయటపడతాయి.

ఆ కంగారులో పార్లర్‌కు వెళితే చేతికి రేట్ల కార్డు వస్తుంది. కెరాటిన్, సిస్టీన్, హెయిర్ బొటాక్స్, నానోప్లాస్టియా. (బొటాక్స్ అనేది పేరుకే. ముఖం ముడతలకు పొడిచే మందు అందులో ఉండదు.) పొడవును బట్టి ధర కాబట్టి, ఇన్నాళ్లూ కష్టపడి జుట్టు పెంచుకున్నందుకు జరిమానా కూడా ఉంటుంది. ఇంటికొస్తే అమ్మమ్మ కుంకుడుకాయలు నలగ్గొడుతుంటుంది, అమ్మ ఎవరో వీడియోలో చెప్పారని ఉల్లిపాయ రసం పిండుతుంటుంది. అందరి ఆశా ఒకటే: పెళ్లినాటికి జుట్టు బాగుపడాలి.

బాగుపడదు. ఈ మాట ముందే ఒప్పేసుకుంటే మూడు నెలల హైరానా, బోలెడు డబ్బు మిగులుతాయి. జుట్టు బాగుపడకపోయినా పెళ్లిజడ మాత్రం బ్రహ్మాండంగా కుదురుతుంది. అదెలాగో తెలియాలంటే ముందు కొసల వయసెంతో లెక్కేయాలి.

కొసలకు ఐదేళ్లు

జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది. అంటే 30 అంగుళాల జుట్టున్న అమ్మాయి వేళ్ల మధ్య పట్టుకుని చూస్తున్న కొస, ఐదేళ్ల కిందట కుదురులోంచి బయటికి వచ్చినది. ప్రాణమంతా చర్మం కింద ఆ కుదురులోనే. బయటికి వచ్చిన వెంట్రుకలో రక్తం లేదు, నరం లేదు. అందుకే కత్తిరిస్తే నొప్పి ఉండదు. అందుకే దెబ్బ తగిలితే మానడమూ ఉండదు.

వెంట్రుక పైపొర చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి, వరసలు వరసలుగా కప్పి ఉంటుంది. ఆ పొలుసుల మీద కంటికి కనబడని పలచని కొవ్వు పూత ఉంటుంది. జుట్టు జారుతున్నా, మెరుస్తున్నా దాని పుణ్యమే. బ్లీచింగు, క్షార గుణం ఉన్న రసాయనాలు ముందుగా తుడిచేసేది దాన్నే. అది పోయాక నీళ్లు లోపలికి ఎక్కువగా దిగుతాయి, వెంట్రుక ఉబ్బుతుంది, ఆరాక ముడుచుకుంటుంది, పొలుసులు లేస్తాయి, పక్క వెంట్రుకతో రాసుకుని ఊడిపోతాయి. చివరికి లోపలి నారపోగులు బయటపడి కొస చీలుతుంది. తడి జుట్టు మీద వేడి ఇస్త్రీ పెడితే ఇంకో ఘోరం జరుగుతుంది. లోపలి నీళ్లు ఆవిరై, వెంట్రుకలోనే బుడగలు లేచి, అక్కడికక్కడ పుటుక్కున తెగుతుంది.

చీలిన కొసను అతికించే మందు ఏ సీసాలోనూ లేదు. కండిషనర్, సీరమ్ చేసేది పైన పూత పూయడం. అది తక్కువ పనేమీ కాదు. దెబ్బతిన్నచోట వెంట్రుకకు రుణావేశం ఎక్కువ, కండిషనర్‌లోని పదార్థానికి ధనావేశం. అందుకే అది అవసరమున్నచోటే ఎక్కువగా అంటుకుంటుంది. కానీ తలంటుకుంటే పోతుంది, మళ్లీ పెట్టాలి. ‘బాండ్ రిపేర్’ అని అమ్మే ఖరీదైన సీసాలు బ్లీచింగు చేసిన జుట్టు లోపలి బలానికి కొంత సాయపడవచ్చు. చీలిన కొసను మాత్రం అవీ కలపలేవు.

కాబట్టి మొదట కావలసింది కత్తెర. అదీ పెళ్లికి మూడు నెలల ముందు ఒకసారి, పది రోజులుందనగా మరోసారి. చీలిక ఉన్నచోట ఆగదు, పైకి పాకుతుంది. ఇవాళ రెండంగుళాలు కత్తిరించనివాళ్లు రేపు నాలుగు అంగుళాలు పోగొట్టుకుంటారు.

అసలు గొడవ ఇక్కడే. పెళ్లి కుదిరాక జుట్టుకు కత్తెర తగలనివ్వని ఇళ్లు ఇంకా ఉన్నాయి. ‘శుభమా అని పెళ్లి పెట్టుకుని జుట్టు కత్తిరించుకుంటానంటావేమే’ అని కసురుతారు. ఆ ఇంట్లోవాళ్లే పెళ్లి కుదిరిందని తిరుమల వెళితే, కల్యాణకట్టలో అమ్మాయి చేత మూడు కత్తెర్లు ఇప్పించి వస్తారు. ఆ మూడింటికి ఇంకో రెండంగుళాలు కలిపితే వెంకటేశ్వరస్వామి ఏమీ అనుకోడని నా నమ్మకం.

మెరుపు కాదు, పట్టు

ఇప్పుడు రేట్ల కార్డు సంగతి. కెరాటిన్ అంటే వెంట్రుక తయారైన మాంసకృత్తే. దాన్ని మళ్లీ ఎక్కిస్తామన్నట్టు చెబుతారు గానీ, ఈ పద్ధతుల్లో చాలావాటిలో జుట్టును సాపు చేసే పని ఫార్మల్డిహైడ్‌ది, లేదా వేడికి దాన్ని విడుదల చేసే రసాయనాలది. పూసి, కాలే ఇస్త్రీతో అదుముతారు. అప్పుడు లేచే పొగే కళ్లు మండించేది, గొంతు పట్టేసేది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ఫార్మల్డిహైడ్‌ను మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే పదార్థాల జాబితాలో పెట్టింది. ఆ పొగ మీరు పీల్చేది ఒక్కపూట. కార్డు చేతికిచ్చిన పార్లర్ అమ్మాయి రోజూ పీలుస్తుంది.

‘మాది ఫార్మల్డిహైడ్ ఫ్రీ’ అన్న బోర్డు చూసి ధైర్యపడటానికీ లేదు. దాని బదులు కొన్ని క్రీముల్లో గ్లయాక్సిలిక్ ఆమ్లం వాడుతున్నారు. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫ్రాన్స్ వైద్యులు ఒక కేసు రాశారు. ఇరవయ్యారేళ్ల ఆరోగ్యవంతురాలైన అమ్మాయి 2020, 2021, 2022లలో మూడుసార్లు ఆ ఆమ్లం ఉన్న క్రీముతో జుట్టు స్ట్రెయిటెనింగ్ చేయించుకుంది. మూడుసార్లూ మాడు మండింది, వాంతులయ్యాయి, నడుంనొప్పి వచ్చింది, కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఆ క్రీమును ఎలుకల మీద పూసి చూస్తే వాటి కిడ్నీల్లో ఆక్సలేట్ స్ఫటికాలు పేరుకున్నాయి. చేయించుకున్న అందరికీ ఇలా అవుతుందని కాదు. కానీ పెళ్లి పనుల మధ్య ఆస్పత్రి చుట్టూ తిరిగే అవకాశాన్ని డబ్బిచ్చి కొనుక్కోవడం ఎందుకన్నది ప్రశ్న.

ఆరోగ్యం మాట పక్కన పెట్టినా ఇంకో తిరకాసు ఉంది. పెళ్లిజడకు కావలసింది మెరుపు కాదు, పట్టు. జారిపోయే జుట్టులో పిన్ను నిలవదు, సవరం నిలవదు, పాపిడిబిళ్ల పక్కకు జరుగుతుంది. వేలకు వేలు పోసి పట్టుకుచ్చులా చేయించుకున్న జుట్టును పెళ్లిరోజు పార్లర్ వాళ్లే వెనక్కి దువ్వి రేగ్గొట్టి, దాని మీద బుస్సుబుస్సున స్ప్రే కొడతారు. పట్టు కోసమే. నున్నగా చేయించినదాన్ని గరుగ్గా చేయించుకోవడానికి రెండో బిల్లు.

ఎవరి జడ ఇది?

తెలుగునాట అన్నిటికంటే పేరున్న జడ సత్యభామది. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి, జడను తెర మీదుగా సభలోకి వేసేది. తనతో పోటీకి రాగల విద్వాంసులు ఎవరైనా ఉన్నారా అని విసిరిన సవాలు అది. ఆ జడ తలకు కట్టుకున్నవాళ్లు తరతరాలుగా మగవాళ్లే. వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామగా రంగం మీదికి వస్తే ఆడవాళ్లే ముక్కున వేలేసుకునేవారని చెప్పుకుంటారు. ఆ జడలో సొంత జుట్టెంత అని అడిగినవాళ్లు లేరు.

పెళ్లిజడ కూడా ఆ కోవలోదే. విప్పి చూడండి ఏముంటుందో. పైన రాకిడి, పాపిడికి అటూ ఇటూ సూర్యుడు, చంద్రుడు. దాని కింద నాగరం, ఆ తర్వాత వరసగా జడబిళ్లలు, చివర జడకుప్పెలు. పూలజడ అయితే పూలు కుట్టే అట్టో అరటినారో అడుగున ఉంటుంది. దాని మీద మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మధ్యమధ్య మరువం, దవనం. వీటన్నిటి కిందా మూడు పాయల సవరం. ఆ సవరం కింద ఎక్కడో పెళ్లికూతురి జుట్టు. చీలిన కొసలు, ఎర్రబారిన చివర్లు, పలచబడిన పాయలు ఒక్కటి కూడా పెళ్లిపందిట్లో ఎవరికీ కనబడవు. జుట్టు తక్కువైన అమ్మాయికీ, దెబ్బతిన్న అమ్మాయికీ, బోలెడున్న అమ్మాయికీ పీటల మీద ఒకే జడ రావాలన్నది మన పెద్దవాళ్లు ఎప్పుడో చేసిపెట్టిన ఏర్పాటు.

మేలిరకం సవరానికి పెట్టే డబ్బు కెరాటిన్‌కు పెట్టేదానికంటే వెయ్యి రెట్లు సార్థకం. ఒకప్పుడు దువ్వెనకు వచ్చిన చిక్కు జుట్టునే ఉండలు చుట్టి గోడ సందులో దాచి, సవరం కట్టేవాళ్లకు ఇచ్చేవారు. ఇప్పుడా ఉండలు వీధిలో స్టీలు గిన్నెలవాడి బుట్టలోకి పోతున్నాయి. మేలిరకం జుట్టుకు పెద్ద మూలం మన గుళ్లే. తిరుమలలో మొక్కుగా ఇచ్చిన తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి వేరు చేసి ఈ-వేలం వేస్తుంది. అన్నిటికంటే పొడవైనది మొదటి రకం. మొదలు, కొస తారుమారు కాకుండా కత్తిరించిన జుట్టు కాబట్టి పొలుసులన్నీ ఒకేవైపు ఉంటాయి, చిక్కు పడదు. నైలాన్ సవరం చవకే, కానీ ఫొటో ఫ్లాష్ పడగానే దాని తళతళ వేరే, పక్కనున్న సొంత జుట్టు వేరే. వేడి తగిలితే కరుగుతుంది కూడా. సవరం కొనేటప్పుడు పగటి వెలుతురులో మీ జుట్టు పక్కన పెట్టి చూడండి, కొసలతో కాదు, మెడ దగ్గరి జుట్టుతో పోల్చండి. అది కలిసేది అక్కడే.

పూలజడ బరువు మాత్రం ఎగతాళి కాదు. నీళ్లు చల్లిన మల్లెమొగ్గల జడ, దాని మీద వెండి బిళ్లలు మెడ వెనక ఉన్న నాలుగు పాయల మీదే వేలాడితే ముహూర్తం లోపే తలనొప్పి మొదలవుతుంది. ఒక్కచోట కాకుండా రెండు మూడుచోట్ల కట్టించాలి. పూలు ఏ నెలలో ఏవి దొరుకుతాయో ముందే అడగాలి. వైశాఖంలో మల్లెలకు కరువుండదు. మాఘంలో మల్లెలు కావాలంటే హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో ధర విని గుండె పట్టుకోవాల్సిందే. అప్పుడు చేమంతులు, కాకడాలతో నడిపించేయొచ్చు.

సొంత జుట్టు బయటపడేది రిసెప్షన్‌లో, వదులుగా వదిలేసుకుంటే. అక్కడ రెండుసార్లు పడిన కత్తెర అక్కరకొస్తుంది. నాలుగు అంగుళాలు పొట్టిదైనా చివర్లు నిండుగా ఉన్న జుట్టే ఫొటోలో పొడుగ్గా కనిపిస్తుంది.

ఈ మూడు నెలలూ

మిగిలిన జుట్టు ఇంకా పాడవకుండా చూసుకోవడమే ఇక మిగిలిన పని. అమ్మమ్మ వైద్యంలో ఇక్కడ పనికొచ్చేవి చాలానే ఉన్నాయి. కొబ్బరినూనె సంగతే చూడండి. 2003లో మన దేశ పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ పోల్చి చూస్తే, తలంటుకు ముందు పెట్టినా తర్వాత పెట్టినా వెంట్రుకలోని మాంసకృత్తులు పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. అందులోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి దిగి నీళ్లకు ఉబ్బకుండా ఆపుతుంది. ఆ పరిశోధకులు కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్లే అన్నది కూడా చెప్పుకోవాలి. అయినా ఆ ఫలితం నిలబడింది. ముందురోజు రాత్రి కొసలకు పట్టించి, పొద్దున తలంటుకుంటే చాలు. మాడు మీద గిన్నెడు పోయక్కర్లేదు.

కుంకుడుకాయ సబ్బులాంటి క్షారం కాదు, కొద్దిగా పుల్లటి గుణం ఉన్నదే. బోరు నీళ్లలో సబ్బులా తెట్టు కట్టదు. అయితే జిడ్డును బాగా లాగేస్తుంది. రంగు వేసిన కొసలకు చిక్కటి రసం పోస్తే మరింత బిరుసెక్కుతాయి. పలచగా చేసి, గుడ్డలో వడకట్టి, మాడు వరకే రుద్దాలి. వడకట్టకపోతే తొక్క ముక్కలు చిక్కుల్లో ఇరుక్కుని, దువ్వేటప్పుడు ఉన్న జుట్టూ ఊడొస్తుంది. తర్వాత మందారాకు జిగురు పట్టిస్తే చిక్కు సులువుగా వీడుతుంది. జుట్టు పెరగడానికి కాదు, జారడానికే అది. కోడిగుడ్డు వద్దు. అందులోని మాంసకృత్తు అణువులు వెంట్రుకలోకి దూరేంత చిన్నవి కావు. పైగా పొరపాటున వేడినీళ్లు పోస్తే తలలో అట్టు ఉడుకుతుంది.

హైదరాబాద్ బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం వెంట్రుకకు పట్టుకుని గరుకు చేస్తాయి. నెలకోసారి ఈడీటీఏ ఉన్న షాంపూ వాడితే ఆ పొర పోతుంది. లేదంటే ఆఖరి రెండు చెంబులు ఫిల్టర్ నీళ్లు పోసుకోవాలి. తలంటుకున్నాక తుండుగుడ్డతో టపటపా దులపడం మన ఇళ్లలో అలవాటు. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగి తెగుతుంది. అందుకే గుడ్డ చుట్టి వదిలేసి, తడి కాస్త ఆరాక పళ్లు ఎడంగా ఉన్న దువ్వెనతో కొసల నుంచి పైకి రావాలి. సాంబ్రాణి వేసుకుంటే వేసుకోండి, వాసన బాగుంటుంది.

రంగు వేయించుకోవాలనుకుంటే కనీసం నెల ముందే. నల్లరంగుల్లో ఉండే పీపీడీ అనే రసాయనం కొందరికి పడదు, ముఖం వాచిపోతుంది. చెవి వెనక కొంచెం రాసి 48 గంటలు చూడాలి. చిన్నప్పుడెప్పుడో ‘బ్లాక్ మెహందీ’ కోన్ పెట్టుకుని చెయ్యి పొక్కినవాళ్లు ఇంకా జాగ్రత్తపడాలి. అందులో కలిపేదీ పీపీడీనే. ఒంటికి ఒకసారి పడకపోతే మరిచిపోదు.

రాలుతోందా, తెగుతోందా?

దువ్వెనకు వచ్చిన వెంట్రుకను వెలుతురులో చూడండి. ఒక చివర తెల్లటి చిన్న బొడిపె ఉంటే అది కుదురులోంచి రాలినది. లేకపోతే మధ్యలో తెగినది. తెగుతుంటే ఇప్పటిదాకా చెప్పినవి చాలు. రాలుతుంటే పార్లర్ పని కాదు, డాక్టర్ పని. రోజుకు 50 నుంచి 100 రాలడం మామూలే. అంతకు మించితే మూడు నెలల వెనక్కి వెళ్లాలి. టైఫాయిడ్, డెంగీ వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు గుత్తులుగా రాలుతుంది, తర్వాత దానంతట అదే తగ్గుతుంది.

పెళ్లికూతుళ్లు తెలియక చేసేది ఇంకోటుంది. బ్లౌజు కొలతకు సరిపోవాలని రెండు నెలలు అన్నం మానేస్తారు. ఆ ఆకలి ఫలితం సరిగ్గా ముహూర్తానికి జుట్టులో కనబడుతుంది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అందుకే రాలడానికి కారణం తేల్చే ఐరన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోకుండా బయోటిన్ మాత్రలు మింగితే ప్రయోజనం లేదు. పైగా బయోటిన్ థైరాయిడ్ పరీక్ష ఫలితాన్నే తారుమారు చేయగలదు. మినాక్సిడిల్ లాంటి మందులు మొదట్లో ఇంకాస్త రాల్చి, ఆ తర్వాత నెలలకు గానీ ఫలితం చూపవు. పెళ్లికి రెండు నెలలుందనగా మొదలుపెట్టాల్సినవి కావు.

పీటల మీద, ఆ తర్వాత

పెళ్లికూతుర్ని చేసే రోజు ఇంట్లో ఒక రగడ ఖాయం. ‘అక్కా, రెండ్రోజుల ముందు నుంచీ తలకు నూనె తగలనివ్వకండి, సవరం నిలవదు’ అని పార్లర్ అమ్మాయి ఫోన్ చేస్తుంది. ‘నూనె పెట్టకుండా మంగళస్నానం ఏమిటే’ అని నాయనమ్మ. ఇద్దరిదీ న్యాయమే. ముత్తయిదువలు ఒక్కొక్కరు మాడు మీద చుక్క చొప్పున పెడితే శాస్త్రం తీరుతుంది. ఆ ఒక్కచోటే కుంకుడు రసంతో కడిగితే పార్లర్ పనీ జరుగుతుంది. పది మంది పది చేతులతో గిన్నె ఖాళీ చేయకుండా చూసే బాధ్యత పిన్నికి అప్పగించాలి.

పీటల మీద తలకు జరిగేది పార్లర్ పాఠాల్లో ఉండదు. సరిగ్గా నడినెత్తిన జీలకర్ర బెల్లం ముద్ద పెడతారు. తమలపాకు అడ్డం ఉన్నా బెల్లం కారుతుంది. దాని మీద తలంబ్రాలు, పసుపు, కొత్తగా వచ్చిన థర్మోకోల్ పూసలు. అప్పటికే ఉన్న స్ప్రేతో కలిసి ఇదంతా గట్టిగా బిగుసుకుపోతుంది. నడినెత్తిన స్ప్రే తక్కువ కొట్టమని ముందే చెప్పుకోవాలి. మర్నాడు సత్యనారాయణ వ్రతం ఉంటే తెల్లవారుజామునే తలస్నానం తప్పదు. నిద్రకళ్లతో, ఆ అట్టకట్టిన జుట్టు మీద పొడిగా దువ్వెన పెట్టి లాగడంతోనే మూడు నెలల జాగ్రత్తంతా పోతుంది. ముందు గోరువెచ్చటి నీళ్లతో బెల్లం కరగనివ్వాలి. తర్వాత గుప్పెడు కండిషనర్ పట్టించి, వేళ్లతో చిక్కులు విడదీసి, అప్పుడు షాంపూ.

ఇక జడ విప్పే పని పెళ్లయిన రాత్రే కూర్చుని చేయాలి, అదీ అక్కో చెల్లెలో. పూలజడ కట్టిన దారాలు తెగ్గొట్టడానికి తొందరపడి కత్తెర వేస్తే దారంతో పాటు పాయ కూడా పోవడం మామూలే. బ్లేడు వద్దు, చిన్న కత్తెర చాలు. ముందు పిన్నులన్నీ తీసి ఒక గిన్నెలో వేసి, సవరం ముడి ఎక్కడుందో వేలితో తడిమి చూశాకే దారం కొయ్యాలి.